చెప్పి వేయవలసిన సూది

బసంత్‌నగరు, రామగుండము, గోదావరిఖని ప్రాంతములందలి కార్మిక కుటుంబములలో బిడ్డకు టీకా వేయింపగనే జ్వరము వచ్చెనని, తక్కిన మోతాదులు మానుకొను తల్లి యొక్కతె యున్నను అది ఉపేక్షింపదగిన విషయము కాదు. హెపటైటిస్-బి పెద్దలకు సోకినయెడల నూటికి అయిదుగురిలోపుననే దీర్ఘకాలము నిలుచును. ప్రసవకాలమున తల్లినుండి శిశువునకు సోకినచో నూటికి సుమారు 90 మందిలో నిలిచిపోయి, కాలక్రమమున కాలేయమును చెఱుపగలదు. కావుననే మొదటి మోతాదు పుట్టిన 24 గంటలలోపల వేయవలెనను నియమ మేర్పడినది. పిమ్మట 6, 10, 14 వారములలో తక్కినవి వేయుదురు.

ఒకప్పుడు ఈ మందు విదేశములనుండి వచ్చి, సామాన్యునకు అందరానిదై యుండెను. శ్రీ కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదు నందలి శాంతా బయోటెక్నిక్స్ 1997లో స్వదేశీ టీకాను వెలువరించి, వెల దిగివచ్చునట్లు చేసెను. ఇది ఆంధ్రులెల్లరకు గర్వకారణమే. అయినను స్వదేశీయమైనంత మాత్రమున గుణదోషముల నడుగక స్వీకరింపుడని మేము చెప్పజాలము.

ఈ టీకాలో సజీవమైన వైరసు లేదు. దాని పైపొర యందలి మాంసకృత్తు మాత్రమే కలదు. కావున దీనివలన ఆ వ్యాధి రానేరదు. సూది గ్రుచ్చినచోట నొప్పి, ఎఱుపు, ఒకటి రెండు దినముల జ్వరము కొందఱికి కలుగవచ్చును. అవి తమంతట తగ్గును. ప్రాణాపాయకరమైన తీవ్ర ప్రతిక్రియ సుమారు 11 లక్షల మోతాదులకు ఒకటి యని అంచనా. అది సాధారణముగ వెంటనే పొడసూపును గనుక, టీకా వేయించుకొన్నవారు అరగంట అచటనే యుండుట క్షేమము. మునుపటి మోతాదు గాని, మందు తయారీలో వాడు ఈస్టు గాని తీవ్రముగ పడనివారికి దీనిని వేయరాదు.

1998లో ఫ్రాన్సు దేశమున ఈ టీకా నరముల వ్యాధికి కారణమను శంకతో పాఠశాలలలో దానిని నిలిపివేసిరి. తరువాతి పరిశోధనలలో ఆ శంక నిలువలేదు. కాని ప్రజల మనసున పడిన భయము అంత సులభముగ తొలగలేదు. మనకిది పాఠము.

వేసవిలో నిప్పులు చెఱుగు ఈ బొగ్గుగనుల సీమలో మందును 2 నుండి 8 డిగ్రీల చలువలో నుంచుట యెంత ముఖ్యమో, మంచుకు తగిలి గడ్డకట్టకుండ చూచుటయు నంత ముఖ్యము. గడ్డకట్టిన మందు నిర్వీర్యమగును. ప్రతిబిడ్డకును క్రొత్త సూదినే వాడవలెను.

అన్నిటికంటె ముఖ్యము, జ్వరము రావచ్చునని ముందే చెప్పుట. చెప్పినచోట ఆ జ్వరము తల్లికి ఎదురుచూచినదే యగును. దాచినచోట మోసమని తోచును. మోసపోతినని తలంచిన తల్లి మరల రాదు. పఠనమందిరమున ఈ పుటను చదివెడివారు, చదువురాని ఇరుగుపొరుగు తల్లులకు ఈ నాలుగు మాటలను వినిపింతురుగాక యని కోరుచున్నాము.