కూతకు గడువు.. కుర్చీకి ఏదీ?

కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడికి 30 సెకన్ల గడువు ఉంటుంది. ఆలోగా సొంత గడ్డకు తిరిగి రాకపోతే అవుటే. అదే ఆటను నడిపించే సంఘాల్లో పదవిలోకి వెళ్లినవారు ఎప్పుడు తిరిగి రావాలన్న ప్రశ్నకు మాత్రం దశాబ్దాల తరబడి సమాధానం లేకపోయింది. భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్యలో 2025 దాకా సాగిన న్యాయపోరాటం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదం పొందిన జాతీయ క్రీడా పాలన చట్టం పైస్థాయిలో పగ్గాలు బిగించింది. క్రీడాకారుడి పేరు తొలిసారి నమోదయ్యే జిల్లా సంఘంలో పరిస్థితి ఏమిటన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.

అమెచ్యూర్ సంఘమంటే లాభాపేక్ష లేని సంస్థ. వచ్చిన సొమ్మును సభ్యులు పంచుకోరాదు. అధ్యక్ష, కార్యదర్శి పదవులు గౌరవప్రదమైనవే తప్ప జీతం తెచ్చిపెట్టేవి కావు. అలాంటి పదవుల కోసం కోర్టుల దాకా వెళ్లడమెందుకని పాఠకుడికి సందేహం రావచ్చు. జీతం లేకున్నా అధికారం ఉంది. జట్టును ఎంపిక చేసేది, పోటీలకు పంపేది, పాల్గొన్నట్లు ధ్రువపత్రం ఇచ్చేది సంఘమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఆ కోటాలో కొలువు ఆశించే పల్లెటూరి యువకుడి వద్ద ఉన్న ధ్రువపత్రం గుర్తింపు కలిగిన సంఘం జారీ చేసినదై ఉండాలి. సంఘం చీలితే, గుర్తింపు సందిగ్ధంలో పడితే అతడి ఏళ్ల శ్రమ చిత్తు కాగితంతో సమానం. సంఘాల గొడవను నాయకుల గొడవగా మాత్రమే చూడలేకపోవడానికి కారణమిదే.

28 ఏళ్ల పెత్తనం

కబడ్డీ సమాఖ్యకు రాజస్థాన్ రాజకీయ నాయకుడు జనార్దన్ సింగ్ గెహ్లోత్ దాదాపు 28 ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన హయాంలో ఆటకు ఒనగూరిన మేలును కాదనలేం. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతక క్రీడగా ప్రవేశించింది. అప్పటి నుంచి 2014 వరకు పురుషుల విభాగంలో స్వర్ణం భారత్‌ను దాటి పోలేదు. అయితే ఆటకు చేసిన మేలు వేరు, పదవిని ఇంటి ఆస్తిగా చూడటం వేరు. కేంద్రం 2011లో తెచ్చిన జాతీయ క్రీడా నియమావళి అధ్యక్ష పదవికి 12 ఏళ్ల పరిమితి, 70 ఏళ్ల వయోపరిమితి విధించింది. 2013లో గెహ్లోత్ తప్పుకోగా ఆ పీఠం ఆయన సతీమణి మృదుల్ భదౌరియాకు దక్కింది. గెహ్లోత్ జీవితకాల అధ్యక్షులయ్యారు. నియమావళిలోని అక్షరాన్ని పాటించి, దాని ఉద్దేశాన్ని పక్కన పెట్టిన తీరు ఇది.

మాజీ క్రీడాకారుడు దాఖలు చేసిన పిటిషన్‌పై 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఈ రెండు నియామకాలనూ రద్దు చేసి సమాఖ్యను పాలనాధికారి చేతిలో పెట్టింది. అదే నెలలో జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జట్టు సెమీఫైనల్లో, మహిళల జట్టు ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడాయి. ఆ పరాజయాలకు కోర్టు తీర్పును కారణంగా చూపడం సబబు కాదు. అప్పటికే ఇరాన్ ఆట పదునెక్కింది. అసలు నష్టం మరో రూపంలో వచ్చింది. తాత్కాలిక ఏర్పాటు అనుకున్న పాలనాధికారి వ్యవస్థ ఆరేళ్లకు పైగా కొనసాగింది. ఎన్నికైన కమిటీ లేదన్న కారణంతో అంతర్జాతీయ సమాఖ్య భారత సంస్థ సభ్యత్వాన్ని నిలిపివేసింది. 2023 డిసెంబరులో ఎన్నికలు జరిగినా బాధ్యతల అప్పగింత జరగలేదు. చివరకు ఇరాన్‌లో జరిగే ఆసియా మహిళల పోటీలకు వెళ్లే దారి కానరాక ఇద్దరు క్రీడాకారిణులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఎన్నికైన కమిటీకి పగ్గాలు అప్పగించాలని 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆదేశించింది. మార్చిలో టెహ్రాన్‌లో జరిగిన ఫైనల్లో మన మహిళలు ఇరాన్‌నే 32-25 తేడాతో ఓడించి విజేతలయ్యారు. కోర్టు జాప్యం మరో నెల సాగి ఉంటే ఆ జట్టు విమానం ఎక్కేదే కాదు.

ఈ వివాదం నలుగుతున్న కాలంలోనే ప్రొ కబడ్డీ లీగ్‌లో కోట్లు చేతులు మారాయి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ రూ.2.60 కోట్లకు పైగా చెల్లించి దక్కించుకుంది. ఒకప్పటి చెడుగుడుకు ఇంత గిరాకీ వచ్చినా, ఆ లీగ్‌కు ఆటగాళ్లను తయారుచేసి పంపే వ్యవస్థ మాత్రం అమెచ్యూర్ సంఘాలదే.

పైన కట్టడి.. కింద ఖాళీ

2025 చట్టం ప్రకారం జాతీయ సమాఖ్యల కార్యవర్గం 15 మందికి మించరాదు. అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలి, క్రీడాకారులకూ చోటివ్వాలి. వరుసగా మూడు పర్యాయాలు పదవిలో ఉన్నవారు ఆ తర్వాత విరామం పాటించాలి. వివాదాల పరిష్కారానికి జాతీయ క్రీడా ట్రైబ్యునల్, ఎన్నికల పర్యవేక్షణకు ప్రత్యేక ప్యానెల్ ఏర్పాటు చేయాలి. ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే వీటి గురి ప్రధానంగా జాతీయ స్థాయి సంస్థలపైనే ఉంది.

జాతీయ సమాఖ్యలో ఓటు రాష్ట్ర సంఘాలది. రాష్ట్రంలో ఓటు జిల్లా సంఘాలది. జిల్లాలో ఓటు ఎవరిదన్నది సంఘం బైలాలను బట్టి ఉంటుంది. అందువల్ల 28 ఏళ్ల పెత్తనం వంటివి ఢిల్లీలో పుట్టవు. కింద ఓటర్ల జాబితా చేతిలో ఉన్నవారికే పైన కుర్చీ దక్కుతుంది. కార్యకలాపాలు లేని క్లబ్బులు జాబితాలో చేరినా, నిజంగా ఆడే క్లబ్బులు జాబితా నుంచి జారిపోయినా ప్రశ్నించే యంత్రాంగం జిల్లాలో లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సంఘాలకు ఆధారం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురు కలిస్తే సంఘం నమోదవుతుంది. ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. ఒకే సంఘం పేరిట రెండు వర్గాలు రెండు జాబితాలు ఇస్తే ఏది అసలైనదో తేల్చే న్యాయాధికారం రిజిస్ట్రార్‌కు లేదు. మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్లాల్సిందే. దీనికి తోడు జిల్లాల పునర్విభజన. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత సంఘం ఓటు ఏ కొత్త జిల్లాకు చెందుతుంది, కొత్త సంఘానికి గుర్తింపు ఎవరిస్తారన్నది బైలాల్లో స్పష్టంగా రాసుకోని చోట తగాదాకు బీజం పడ్డట్లే.

ఢిల్లీ చట్టం కోసం ఎదురుచూడకుండా సంఘాలు తమంతట తాము చేసుకోగలిగినవీ ఉన్నాయి. సర్వసభ్య సమావేశంలో బైలాలు సవరించి పదవీ కాలాన్ని పరిమితం చేసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యమైనవి రెండు కాగితాలు. ఎన్నికలకు నెల ముందు క్లబ్బుల ఓటర్ల జాబితాను, ఎంపిక పోటీలు ముగిసిన రోజే సెలెక్టర్ల సంతకాలతో ఆటగాళ్ల జాబితాను బహిరంగంగా అంటించాలి. ఇందుకు ఖర్చు లేదు. ప్రభుత్వం సైతం క్రీడా ప్రాధికార సంస్థ ద్వారా మైదానాలు, గ్రాంట్లు కేటాయించేటప్పుడు ఈ రెండింటినీ షరతుగా పెట్టవచ్చు. అడిగే అధికారం ప్రభుత్వానికి ఉన్నా అడగకపోవడం అలవాటుగా మారింది.

ప్రస్తుతానికి ఎంపికలో అన్యాయం జరిగిందని భావించే సబ్‌జూనియర్ ఆటగాడి తండ్రికి మిగిలిన దారి జిల్లా కోర్టే. ఎంపిక పోటీలకు, రాష్ట్ర టోర్నీకి నడుమ వ్యవధి తరచూ రోజుల్లోనే ఉంటుంది. కేసు మొదటి వాయిదాకు వచ్చేసరికి టోర్నీ ముగుస్తుంది. సబ్‌జూనియర్ విభాగానికి వయోపరిమితి 16 ఏళ్లు.