కొలతలన్నీ అతనివి, గాయాలు ఆమెవి

ఆడపిల్ల చీలమండ బెణికితే తప్పెవరిది? వార్మప్ సరిగా చెయ్యలేదంటాడు కోచ్. ఆటలు మానెయ్యమంటారు ఇంట్లో. ఆడవాళ్ళ కీళ్ళు అంతేనంటాడు డాక్టరు. ఆమె శరీరం గురించి ఏం తెలుసుకుని ఈ మాటలంటున్నారని మాత్రం ఎవరూ అడగరు.

తెలుసుకున్నది చాలా తక్కువ. ఆరు క్రీడా విజ్ఞాన పత్రికల్లో 2014-2020 మధ్య వచ్చిన 5,261 పరిశోధనలను లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2021లో వెలువడింది. కేవలం పురుషుల మీద జరిగినవి 31 శాతం. కేవలం స్త్రీల మీద జరిగినవి 6 శాతం! కండరం బలం, స్నాయువు సాగే గుణం, చీలమండ కదలిక, అన్నిటికీ అతనే ప్రమాణం.

గాయాలు మాత్రం ఆమెకే ఎక్కువ. అనేక అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో చీలమండ బెణుకులు స్త్రీలలో దాదాపు రెట్టింపని తేలింది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటల్లో మోకాలి లోపలి ఏ.సి.ఎల్. తెగడం కూడా స్త్రీలలోనే రెండు రెట్లకు పైగా ఎక్కువ.

మరి స్త్రీలను ఎందుకు వదిలేశారు? నెలసరితో హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు కలగాపులగమవుతాయి అన్నది పాత సమాధానం. సగం మానవజాతికి సహజమైనది వీరికి అడ్డంకిగా కనిపించింది! స్నాయువుల్లోని కొల్లాజెన్ మీద ఈస్ట్రోజన్ ప్రభావం ఉంటుందని తెలుసు. కానీ నెలలో ఏ రోజుల్లో గాయం ముప్పు ఎక్కువో పరిశోధకులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. స్త్రీలను మినహాయించడానికి చెప్పిన కారణమే నిజానికి వారిని పరిశోధించవలసిన కారణం.

ఇక్కడ మనం ఇంకో ఉచ్చులో పడకూడదు. 'పుట్టుకతోనే బలహీనులు' అనే మాటకు సైన్సు ముద్ర వేయించుకోవడం మన ఉద్దేశం కాదు. దూకి దిగడం, హఠాత్తుగా మలుపు తిరగడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం క్రమంగా నేర్పితే ఏ.సి.ఎల్. గాయాలు సుమారు సగం తగ్గుతాయని రుజువైంది. నేర్పితే తగ్గేదాన్ని తలరాత అనగలమా? 2018 ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచిన స్వప్నా బర్మన్‌కు ఒక్కో పాదానికి ఆరు వేళ్ళు. ఆ పాదాలకు సరిపడే బూట్లు లేక నొప్పితోనే పోటీపడింది. లోపం పాదాలదా, బూట్లదా?

స్త్రీ శరీరం మీద సైన్సుకు ఆసక్తి లేదనలేం. ఆమె 'నిజంగా స్త్రీయేనా' అని తేల్చడానికి బోలెడంత ఉంది. 2014లో ద్యుతీ చంద్‌ను హార్మోన్ పరీక్ష పేరుతో పక్కన పెట్టారు. ఆమె పోరాడి 2015లో ఆ నిబంధనను నిలుపు చేయించింది. 2025లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ స్త్రీల పోటీలకు జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. అనుమానించడానికి దొరికే డబ్బు కాపాడడానికి దొరకదా?

ప్రజాధనంతో జరిగే ప్రతి క్రీడా పరిశోధనలో స్త్రీలుండాలి, వారి ఫలితాలు విడిగా ప్రకటించాలి. గురుకులాల్లో, క్రీడా పాఠశాలల్లో ఆడపిల్లలకు పాదానికి సరిపోయే బూట్లు, గాయాలను నివారించే శిక్షణ హక్కుగా అందాలి. నెలసరి వివరాలు ఆమె అనుమతి లేకుండా కోచ్ చేతికి వెళ్ళకూడదు.

మన ఊరి బడిలో కబడ్డీ ఆడే పిల్లల తరఫున ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెడదాం. ఆటస్థలం కూడా హక్కుల స్థలమే.