ఏసీకి ఐసు పడితే తప్పు ఎవరిది?

జూన్ నెల వచ్చిందంటే యూఏఈ లేబర్ క్యాంపుల్లో ఫిర్యాదుల రిజిస్టరు నిండిపోతుంది. "ఏసీకి ఐసు పట్టింది, చల్లగాలి రావడం లేదు." ఆ రిజిస్టరు రాసే గుమాస్తాలం మేమే. పైనుంచి వచ్చే జవాబు కూడా మాకు కంఠతా వచ్చు: "రాత్రంతా 16 మీద పెట్టి పడుకుంటే పాడవదా?" ఆ జవాబులో నిజం సగమే ఉందని మా అభిప్రాయం.

ఏసీ లోపలి కాయిల్ మీదుగా గాలి సరిగ్గా ఆడకపోతే అది సున్నా డిగ్రీల కిందికి చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద ఐసుగా పేరుకుంటుంది. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు, ఏసీకి అడ్డంగా ఆరేసిన బట్టలు, సరిగ్గా తిరగని ఫ్యాను ఇందుకు కారణాలు. గ్యాసు తగ్గినా ఇదే జరుగుతుంది. 16 మీదే ఉంచితే కంప్రెసరుకు విశ్రాంతి ఉండదన్నది నిజమే. కానీ బాగున్న ఏసీకి అంతమాత్రాన ఐసు పట్టదు.

మన వంతు మనం చేద్దాం. ఐసు కనిపిస్తే కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే తిప్పాలి. కరగడానికి కొన్ని గంటలు పడుతుంది. నీళ్లు వైర్ల మీద కారుతుంటే మెయిన్ స్విచ్ ఆపేయాలి. కత్తితో గీకకండి, కాయిల్‌కు చిల్లు పడుతుంది. రెండు వారాలకోసారి ఫిల్టరు కడిగి ఆరబెట్టాలి. 24 మీద పెట్టుకుంటే చాలు.

ఇవన్నీ చేసినా మళ్లీ ఐసు పడితే అది కంపెనీ చూడాల్సిన పని. గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా గ్యాసు నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఆ ఖర్చు గదిలోని వాళ్ల జీతంలో కోస్తామనడం అన్యాయం.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదని ఇక్కడి ప్రభుత్వమే నిబంధన పెట్టింది. పగలు ఆ ఎండను ఓర్చిన ఒళ్లు రాత్రి తేరుకోవాలి కదా! కార్మికుడి గదిలో ఏసీ విలాసం కాదు.

అన్నలారా, తమ్ముళ్లారా! "ఏసీ పని చేయడం లేదు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లకండి. ఫిల్టరు ఎప్పుడు కడిగారో, మళ్లీ ఐసు ఎప్పుడు పట్టిందో, గ్యాసు ఎప్పుడు నింపారో తేదీలతో చెప్పండి. మేము రాస్తాం. తేదీలున్న ఫిర్యాదును "తప్పు మీదే" అని కొట్టిపారేయడం అంత తేలిక కాదు.