ముఖసంధి చూసి తీర్పు చెప్పవచ్చునా?

జపాను యానిమే ధారావాహికలకు ఏడాదికి నాలుగు ఋతువులు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో కొత్త కథలు మొదలవుతాయి. ఒక్కొక్క ఋతువులో వారానికొకటి చొప్పున పన్నెండో పదమూడో భాగాలు ఇముడుతాయి. ప్రతి ఋతువు ఆరంభంలోనూ డజన్ల కొద్దీ కథలు ఒక్కుమ్మడిగా వచ్చి పడతాయి. అన్నీ చూడడం ఎవరి తరమూ కాదు. అందుచేత మొదటి భాగం ముగియకుండానే "ఇది నిలుస్తుంది, అది నిలవదు" అని తేల్చివేసే అలవాటు అభిమానులలో స్థిరపడింది. కొంచెం ఓర్పు గలవారు మూడు భాగాల వరకు ఆగుతారు. 2011 జనవరిలో మొదలైన "మడోకా మాజికా"లో మూడవ భాగం చివర కథ స్వభావమే మారిపోయింది. మూడు భాగాల నియమానికి ఆ కథనే తరచుగా ఉదాహరణగా చూపుతారు.

తొలి అభిప్రాయం చెప్పడంలో దోషమేమీ లేదని నా అభిప్రాయం. అయితే దేనిమీద తీర్పు చెబుతున్నామో ఎరిగి చెప్పాలి. మన ఆలంకారికులు నాటకానికి ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని అయిదు సంధులు చెప్పారు. ముఖసంధిలో పడేది బీజం. అది స్వల్పంగా సూచింపబడి, పోను పోను విస్తరించి, నిర్వహణంలో ఫలిస్తుంది. జపానువారికి కూడా చీనా కవిత్వం నుండి సంక్రమించిన ఒక చతురంగ విభాగం ఉంది: కి, షో, తెన్, కెత్సు. అనగా ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. మలుపు మూడవ స్థానంలో ఉన్నదని గమనించగలరు. మలుపు కనబడలేదని ఎత్తుగడను నిందించడం విత్తు చేతబట్టుకుని పండేదీ అని అడగడం వంటిది. మొదటి భాగంలో పరీక్షించదగినది బీజం ఒక్కటే.

ఈ మాటకు 2023 శరదృతువు చక్కని నిదర్శనం. నాలుగు వారాల వ్యవధిలో మూడు కథలు మూడు విధాలుగా తెర తీశాయి.

మొదటిది "సోసో నో ఫ్రీరెన్". 2023 సెప్టెంబరు 29 రాత్రి నాలుగు భాగాలను కలిపి రెండు గంటల కార్యక్రమంగా నిప్పాన్ టీవీలో ప్రసారం చేశారు. సామాన్యంగా ఇటువంటి కథలు రాక్షసరాజును వధించడానికి బయలుదేరడంతో మొదలవుతాయి. ఇది ఆ వధ పూర్తయి, నలుగురు సహచరులు నగరానికి తిరిగి వచ్చిన రోజున మొదలవుతుంది. పదేళ్ల ప్రయాణం ముగిసిన ఆ రాత్రి వారు ఉల్కలు రాలడం చూస్తారు. వేల ఏళ్లు బ్రతికే ఫ్రీరెన్, మరి యాభై ఏళ్లకు ఇవే ఉల్కలను ఇంతకంటె మంచి చోటు నుండి చూపిస్తానని తేలికగా మాట ఇస్తుంది. యాభై ఏళ్లకు నిజంగానే వస్తుంది. అప్పటికి వీరుడు హిమ్మెల్ వృద్ధుడు. ఉల్కలు చూసిన కొద్దికాలానికే అతడు మరణిస్తాడు. అంత్యక్రియల వేళ ఆమె కన్నీరు పెట్టుకుంటుంది. పదేళ్లు కలిసి నడిచికూడా ఆ మనిషిని తెలుసుకునే ప్రయత్నం చేయలేదే అన్న చింత ఆమెను పట్టుకుంటుంది. ఇదే బీజం. తరువాతి ఇరవై ఏడు భాగాలూ ఈ ఒక్క చింతకు వ్యాఖ్యానమే.

ఆ వారంలో "ఏమీ జరగడం లేదు, నిదానంగా ఉంది" అన్నవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ నిదానమే కథావస్తువు అనిపించింది. యాభై ఏళ్లను రెండు దృశ్యాల్లో దాటించి, ఒక పువ్వును వెదికే పనికి నెలల తరబడి ఆగే కథ, కాలం గురించి ఏదో చెప్పబోతున్నదని మొదటి రాత్రే తెలుస్తుంది. కాని ఆ రాత్రి ఎవరికీ తెలియనిది కూడా ఒకటుంది. "సోసో" అంటే చనిపోయినవారిని సాగనంపడం. హిమ్మెల్ అంత్యక్రియలు చూసి శీర్షిక అర్థమయిందనుకుంటాము. ఎనిమిదవ భాగంలో రాక్షసులు ఆమెను అదే పేరుతో పిలుస్తారు. తమ జాతిలో అందరికంటె ఎక్కువ మందిని మట్టుపెట్టిన మాంత్రికురాలు గనుక ఆ బిరుదు. శీర్షికలో శ్లేష ఉన్నదని అయిదవ వారానికిగాని బయటపడలేదు. శ్లేష కావ్యాలు చదివి పెరిగిన మనకు ఆ ఆనందం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

రెండవది అక్టోబరులో మూడు భాగాలు ఒక్కసారిగా ప్రసారమైన "కుసురియా నో హితోరిగోతో". మందులమ్మే మనిషి స్వగతం అని తెనిగించుకోవచ్చును. చీనా రాజాంతఃపురాన్ని తలపించే ఒక కల్పిత దేశం. మావోమావో అనే అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోయి అంతఃపురంలో దాసిగా అమ్మివేస్తారు. రాజుగారి పసిబిడ్డలు జబ్బుపడుతున్నారు. అది శాపమని అందరూ అనుకుంటారు. తల్లులు ముఖానికి పూసుకునే తెల్లని పొడిలోనే విషం ఉన్నదని ఆమె పసిగట్టి, తన బట్ట చించి దానిమీద హెచ్చరిక వ్రాసి, ఎవరికీ కనబడకుండా ఇద్దరు రాణుల గవాక్షాల వద్ద ఉంచుతుంది. ఒక రాణి నమ్ముతుంది, ఆమె బిడ్డ దక్కుతుంది. రెండవ రాణి నమ్మదు.

నన్ను ఆకట్టుకున్నది విషపు చిక్కుముడి కంటె దాని తరువాతి ఘట్టం. వ్రాసినది ఎవరో కనుగొనడానికి జిన్షీ అనే అధికారి దాసీలందరినీ పిలిపించి ఒక కాగితం ఎత్తి చూపుతాడు. అది చదివి, తానొక్కతే నిలబడిపోవడం వల్ల ఆమె పట్టుబడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా పలకా బలపం మధ్య గడిపినవాడిని గనుక ఆ దృశ్యం నన్ను వదలలేదు. చదువు ఆమెను రక్షించలేదు, పట్టి ఇచ్చింది. తెలివిని దాచుకోవలసిన చోట తెలివి గల ఆడపిల్ల ఎలా బ్రతుకుతుంది అన్న ప్రశ్న అక్కడే నాటుకున్నది.

మూడవది "ప్లూటో". అక్టోబరు 26న నెట్‌ఫ్లిక్స్ ఎనిమిది భాగాలనూ ఒకే రోజున విడుదల చేసింది. తెజుకా ఒసాము 1964లో ఆరంభించిన ఒక ఆస్ట్రో బాయ్ గాథను ఉరసావా నవోకీ తిరగవ్రాసిన కథ ఇది. ఒక్కొక్క భాగం సుమారు గంటసేపు నడుస్తుంది. మొదటి భాగంలోనే, యుద్ధంలో ఆయుధంగా పనిచేసిన ఒక మరయంత్రం అంధుడైన వృద్ధ స్వరకర్త ఇంట సేవకుడుగా చేరి, పియానో నేర్పమని అడుగుతుంది. యంత్రానికి సంగీతమేమిటని ఆయన ఛీకొడతాడు. ఆ ఉపకథ ముగిసేసరికి మొత్తం నాటకంలోని కరుణరసం మన చేతికి అందుతుంది. ఇక్కడ ముఖసంధి తానే ఒక చిన్న నాటకం. అన్ని భాగాలూ ఒకేసారి చేతికి వచ్చాయి గనుక వారం వారం ఊహించే అవకాశమే లేదు. అది లాభమో నష్టమో గాని, ప్రేక్షకుడి ఓర్పుకు పరీక్ష మాత్రం తప్పింది.

తొలి అంచనా ఎప్పుడూ ఫలిస్తుందని నేననను. 2021 జనవరిలో మొదలైన "వండర్ ఎగ్ ప్రయారిటీ" ఎత్తుగడ చూసి మెచ్చనివారు అరుదు. బీజంలో లోటు లేదు. నిర్మాణం మాత్రం గడువును అందుకోలేకపోయింది. ముగింపు భాగం జూన్ నెలలో విడిగా వచ్చింది. అది చాలామందిని నిరాశపరచింది. విత్తు మంచిదైనా పంట చేతికి వస్తుందని పూచీ లేదు.

దీనికి విపర్యయంగా జరిగిన సంగతులు ఇంకా పెద్దవి. 1974 అక్టోబరులో మొదలైన "స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో"ను ఆనాడు తగినంతమంది చూడలేదు. 39 భాగాలు అనుకున్నది 26తో ముగించారు. 1979 నాటి "గండం"ను 52 భాగాలకు ఉద్దేశించి 43తో ఆపివేశారు. ఆపిన తరువాత పునఃప్రసారాల్లోను, కుదించి తీసిన సినిమాల్లోను ఆ రెండింటికీ అసలైన ఆదరణ లభించింది. ఈనాటి యానిమే పరిశ్రమ చాలావరకు వాటి నీడలో పెరిగినదే. ఆ తొలి తీర్పే తుది తీర్పయి ఉంటే జపానుకు కలిగే నష్టం ఎంతటిదో ఊహించండి. మొదటి వారపు మాట వట్టి ఊసుపోక కబురు కాదు. ఏ కథ బ్రతకాలో, ఏది మధ్యలో తెగిపోవాలో దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి మన ఇళ్లకు కూడా వచ్చింది. "డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్" 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో మన సినిమా హాళ్లలో ఆడింది. యుగో సాకో, రామ్ మోహన్ కలిసి తీసిన 1992 నాటి జపాను రామాయణం అదే ఏడాది జనవరిలో తెలుగులోనూ విడుదలయింది. పిల్లలు ఈ కథలు చూస్తుంటే, గది గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చూసి "బొమ్మలాట, చదువుకోరాదూ" అని వెళ్లిపోయే పెద్దలు నా తోటివారిలో చాలామంది ఉన్నారు. మొదటి భాగమైనా చూడకుండా చెప్పే తీర్పు అది. ఆ ఒక్క మాటతో పిల్లవాడు తనకు నచ్చిన కథ గురించి మనతో మాట్లాడడం మానేస్తాడు. సాహిత్యం పట్ల వాడికి ఏర్పడబోయే అభిరుచికి మనం చేయగలిగిన సాయం అక్కడితో సరి. మా మనవరాలు ఫ్రీరెన్ గురించి అడిగిన ప్రశ్నలకు సమాధానంగానే నేను ఆమెకు శ్లేష అంటే ఏమిటో చెప్పగలిగాను. అలంకారశాస్త్రం పుస్తకం తెరిచి ఉంటే వినేది కాదు.

కాబట్టి కొత్త ఋతువు మొదలైనప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ కథలో బీజం ఏది? దానిని నాటడానికి కథకుడు ఎక్కడ ఆగాడు? ఆగిన చోట నా మనసు కూడా ఆగిందా? మొదటి దానికి జవాబు దొరకకపోతే నిస్సంకోచంగా వదిలివేస్తాను, ఈ వయసులో కాలం నాకూ విలువైనదే. మూడింటికీ జవాబు దొరికితే మలుపు కోసం తొందరపడను.

ఏ కథను మొదటి భాగంతో వదిలివేశారో, ఏ కథకోసం ఓపిక పట్టారో, మీ అనుభవాలు కూడా వ్రాయవలసిందిగా చదువరులకు మనవి.