వానకాలపు పెరడు, వాకిటి మూకుడు

ఆషాఢము గడచి శ్రావణము వచ్చినది. మంగళగౌరీ నోములు, వరలక్ష్మీ వ్రతము, వెనువెంటనే వినాయక చవితి. ఇక దీపావళి వఱకు ప్రతి యింటను పూలకును, పత్రికిని, తోరణములకును వెదకులాట తప్పదు. వ్రతమునకు ముందునాడు పూలంగడికి పోయి, మూర చేమంతి ధర విని, ఉత్త బుట్టతో మరలి వచ్చిన దినములు మాకును గలవు. కావున ఈ నెల సోదరీమణులతో పెరటి పనులను, వ్యయము లేక వాకిలి నలంకరించుకొను విధములను ముచ్చటించి, పిదప గత సంవత్సరము మా యింట జరిగిన పొరపాటు నొకదానిని దాచక చెప్పదలచితిమి. చెప్పుకొనుటకు సిగ్గే. అయినను అట్టి పొరపాటు ఈపాటికి మీ యింటను జరుగుచుండవచ్చును.

పెరడన్నంతనే నుయ్యి, అరటి బోదెలు, గోడవార నందివర్ధనము తలపునకు వచ్చును. మా పెరడట్టిది కాదు. రాజమహేంద్రవరములో మేడమీద పదడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు గల సిమెంటు జాగా. అందులో పాత నూనెడబ్బాలు, పిడి యూడిన బాల్చీలు, పైభాగము పగిలిన కడవలు; ఇవియే మా కుండీలు. దాపుననే కడియము నర్సరీలుండగా ఈ పాట్లెందుకని యిరుగుపొరుగువా రందురు. నిజమే, మేమును తెచ్చి చూచితిమి. కాని నీడపందిరి క్రింద, పూట పూటకు తడి తగులుచు పెరిగిన మొక్కకు మేడ యెండ పడదు. పదునైదు దినములలో మొగ్గలు రాల్చి మూతి ముడుచుకొనును. గింజయో, కొమ్మయో నాటి మన జాగాలోనే పెంచిన మొక్క తొలుత పీలగా నున్నను నిలద్రొక్కుకొనును.

మేకును కాల్చి డబ్బా యడుగున నాలుగు చిల్లులు పొడిచి, ప్రతి చిల్లుపైనను పెంకుముక్క నొకదానిని బోర్లించుడు. ఎఱ్ఱమన్ను ఒక పాలు, మాగిన యెరువు ఒక పాలు, ఇసుక సగము పాలు కలిపిన జాలును. ఎరువు కొననక్కఱలేదు. కూరగాయల తొక్కలకు రెండింతలు ఎండుటాకులు కలిపి మూతగల డబ్బాలో పొరలుగా వేసి, వారమున కొకమారు తిరుగవేయుచుండినచో రెండు మూడు నెలలలో నల్లని మన్ను వంటి యెరువగును. దుర్వాసన వచ్చినచో తడి యెక్కువైనదని గుర్తు; మఱికొన్ని యెండుటాకులు వేసిన సరిపోవును.

ఈ నెలలో ముఖ్యముగా వేయదగినది బంతి. గుమ్మమునకు కట్టి యెండిన బంతిదండను పారవేయక, పూలను విడదీసి కాగితపు పొట్లములో దాచుకొనుడు. అవియే మఱుసటి యేటి విత్తనములు. అంగడి పువ్వు సంకరజాతిదైనచో పిల్లపువ్వు తల్లియంత ముద్దగా రాదు, రేకులు పలుచనగును. పలుచనైన నేమి? తోరణములో రేకుల నెవరు లెక్కింతురు? మొలక జానెడెత్తు ఎదిగినప్పుడు జాలిపడక చివర త్రుంచవలెను. అప్పుడే ప్రక్కకొమ్మలు సాగి పూలు విస్తారముగా పూయును. ఇప్పుడు చల్లిన గింజ రెండు నెలలు దాటిన పిమ్మట పూతకు వచ్చును గాన దసరాకు కొన్నియైనను, దీపావళికి నిండుగను పూలు దొరకును.

చేమంతి సంగతి వేఱు. అది రాత్రి నిడివిని గుర్తెఱిగి పూయు మొక్క. పగలు కుఱుచయై రాత్రి పెరిగిన కాలముననే మొగ్గ తొడుగును. మేమొక కుండీని వీధిదీపము వెలుగు పడుచోట నుంచి, ఎంత యెరువు వేసినను పూయలేదేమని దానిని తిట్టుకొంటిమి. చీకటి మూలకు మార్చినంతనే కొన్ని వారములకు మొగ్గలు కనబడినవి! పిలకలు వేఱుచేసి నాటుకొనుటకు ఈ వానలే అదను.

కిటికీకి త్రాళ్లు కట్టి బచ్చలి ప్రాకించినచో తెరగుడ్డ ఖర్చు తప్పును, పప్పులోనికి ఆకు దొరకును. కార్తికములో నేమి, ధనుర్మాసములో నేమి ముగ్గులకు, గొబ్బెమ్మలకు ఈ బంతిపూలే ఆధారము. పుష్యములో మల్లెకొమ్మలు కత్తిరించుట మఱవకుడు. ఆ పని చేసినవారికే వేసవిలో జడనిండ పూలు.

ఇక అలంకారము. నేడు అంగళ్లలో ప్లాస్టిక్కు తోరణములు వచ్చినవి. ఎండకు వెలసి, దుమ్ము పట్టి, ఏడాది పొడుగున గుమ్మమునకు వ్రేలాడు ఆ మామిడాకులను చూచినప్పుడు మాకు తోరణమన్న మాటమీదనే విరక్తి కలుగును. వాడిపోవుటయే గదా తోరణమునకు అందము. మరల పండుగ వచ్చినదని తెలియుట దానివలననే. పాత డబ్బాలకు జాజు పూసి, ఆరిన పిదప సున్నములో తుమ్మజిగురు కొంచెము కలిపి చుక్కలు, తీగలు దిద్దినచో తులసికోట ప్రక్కన నుంచదగిన కుండీ యగును. రెండింటికిని అయ్యెడి ఖర్చు అత్యల్పము. ఆడపిల్లల కీ పని యప్పగించినచో మధ్యాహ్నమంతయు ఇల్లు నిశ్శబ్దముగా నుండును.

ఈ చవుక యలంకారపు ఉత్సాహములోనే మేము పొరపడితిమి. పెద్దయిండ్ల వాకిళ్లలో ఇత్తడి ఉరుళిలో నీరు నింపి పూలు తేల్చుట చూచి, అంత ధర పెట్టలేక, కుమ్మరివాని యొద్ద వెడల్పాటి మట్టి మూకుడు కొని తెచ్చితిమి. మా చిన్నకోడలు దాని యంచునకు జాజుతో, సున్నముతో పద్మములు దిద్దినది. మెట్లవద్ద నుంచి, ప్రతి యుదయమును నందివర్ధనములు, మందారములు తేల్చుచుంటిమి. వచ్చిన పేరంటాండ్రందఱు మెచ్చుకొనిరి. మట్టిది గాన నీరు చెమర్చి తగ్గుచుండెడిది; తగ్గినప్పుడెల్ల పైనుండి చెంబెడు నీరు పోయుచుంటిమే గాని, ఒక్కనాడైనను ఉన్న నీరు పాఱబోయలేదు. పూలు మార్చితిమి, నీరు మార్చలేదు.

వరలక్ష్మీ వ్రతమునకు నాలుగు దినములు ముందుగా కోడలికి జ్వరము వచ్చినది. కనుగ్రుడ్ల వెనుక నొప్పి, ఒళ్లంతయు విఱిచినట్లుండుట, మూడవనాటికి నెత్తుటి పరీక్షలో డెంగీ యని తేలుట. ఆశా కార్యకర్త యొకామె వచ్చి, లోనికి రాకముందే మెట్లవద్ద వంగి, పూలను ప్రక్కకు త్రోసి బ్యాటరీ దీపము వేసి చూచినది. వెండ్రుకల వంటి పురుగులు తలక్రిందుగా వ్రేలాడుచు, వెలుగు పడగానే మెలికలు తిరుగుచు అడుగునకు దిగినవి. కిటికీలో సీసాలో పెట్టిన మనీప్లాంటు నీటిలోను, కుండీల క్రింది పళ్లెములలోను అవియే.

డెంగీని మోయు ఈడిస్ దోమ మురుగును కాదు, మన యింటి మంచినీటినే కోరును; పగటిపూట కుట్టును. మలేరియా దోమది వేఱు జాతి. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. ఆ కథ చిన్ననాడు చదివియు, దోమ యనగా మురికికాలువయే యని మేమనుకొనుచుంటిమి. ఈడిస్ నీటిమట్టమునకు కొంచెము పైన, పాత్ర గోడకు గ్రుడ్లు అంటించును. అవి నెలల తరబడి యెండియు చావక, నీరు తగిలినప్పుడు పొదుగబడును. మన వేడిలో గ్రుడ్డు దోమ యగుటకు వారము మొదలు పది దినములు పట్టును. కావున వారమున కొకమారు నీరు పాఱబోసి, అంతటితో విడువక, లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దవలెను. పాఱబోయుట మాత్రమే చేసినచో గ్రుడ్లు గోడకే యుండును.

కోడలిని ఆఱుదినములు ఆసుపత్రిలో నుంచితిమి. ఇట్టి జ్వరములో పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు వేయరాదనియు, వానివలన రక్తస్రావము కలుగవచ్చుననియు వైద్యులు హెచ్చరించిరి. జ్వరము దిగినదని మేము సంతోషించిన నాడే వారు మఱింత జాగ్రత్తగా చూచిరి. జ్వరము తగ్గిన పిమ్మట ఒకటి రెండు దినములే గండమట. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి నెత్తురు, మగత, వీనిలో నేది కనబడినను క్షణము జాగు చేయరాదు.

ఆ యేడు మా యింట వ్రతము లేదు. మా పెద్దవాడు కుండీలన్నియు మున్సిపాలిటీ బండి కెత్తుదమనెను. మాకును సమాధానము తోచలేదు. ఆ మూకుడును చూచినప్పుడెల్ల కడుపులో దేవినట్లుండెడిది. మంచముమీద పండుకొన్న కోడలు మాత్రము, “అత్తయ్యగారూ, మొక్కలేం చేశాయండీ? నీళ్లు మనం మార్చలేదు గాని” అన్నది. ఆ మాటతో కుండీలు నిలిచినవి.

ఇప్పుడు మా యింట శనివారము ఉదయము ఎండుదినము. కుండీల క్రింది పళ్లెములలో ఇసుక నింపితిమి. తడి నిలుచును, నీరు నిలువదు. మనీప్లాంటును సీసానుండి మట్టిలోనికి మార్చితిమి. ఫ్రిజ్జు వెనుక పళ్లెము, కూలరు తొట్టి, పక్షులకు పెట్టు నీటిచిప్ప, మేడమీద పాత టైరు అన్నియు ఆనాడే చూతుము. శ్రావణములో కొట్టిన కొబ్బరిచిప్పలను పెరట పడవేయుట మన కలవాటు. ఒక్క వానకు అవి నిండును గాన బోర్లించియైన నుంచుడు. తామర పెంచు పెద్దతొట్టి గలవారు అందులో గప్పీ చేపలను విడిచినచో అవియే పురుగులను తినివేయును.

మూకుడు నేటికిని మా యింటనే యున్నది. శుక్రవారము సాయంకాలము వాకిటికి వచ్చి, రాత్రి దీపముల వెలుగులో మందారములతో నుండి, శనివారము ఉదయము రుద్దబడి మేడమీద బోర్లించబడును. ఎండ కాసిన దినమున పొరుగింటి పిల్లి దానిమీద కూర్చుండును. పద్మములలో రెండు అప్పుడే చెరగినవి. కోడలు వ్రతము లోపల మరల దిద్దుదు నన్నది.