సినిమా క్విజ్ పుస్తకం వేయాలంటే ఎవరి అనుమతి కావాలి?

మన విడీ ఘర్కుల్ పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు అక్షరాలు రాకపోయినా ఏ హీరో ఏ సినిమా చేశాడో గడగడా చెప్పేస్తారు. అందుకే సినిమా విశేషాలతో ఒక చిన్న తెలుగు పుస్తకం వేస్తే పిల్లలు ఇష్టంగా చదువుతారన్న మాట మనలో తరచూ వినిపిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ నిర్మాతల అనుమతి లేకుండా వేయవచ్చా?

ముందు ధైర్యం చెప్పే మాట. నిజాలకు కాపీరైట్ లేదు. 'మాయాబజార్' 1957లో విడుదలైందని, దర్శకుడు కె.వి. రెడ్డి అని ఎవరైనా రాయవచ్చు. ఆలోచనలకు, చారిత్రక వాస్తవాలకు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. సినిమా పేరు ఒక్కదానికే కాపీరైట్ రాదని 2015లో కూడా తేల్చింది.

చిక్కు కథ లోపలికి వెళ్లినప్పుడు మొదలవుతుంది. అమెరికాలో 'సైన్‌ఫెల్డ్' టీవీ సీరియల్ మీద 643 ప్రశ్నలతో ఒక క్విజ్ పుస్తకం వచ్చింది. అందులో అడిగినవన్నీ పాత్రలు ఏం చేశాయి, ఏమన్నాయి అనేవే. అవి నిజాలు కావు, రచయితల కల్పన అని 1998లో అక్కడి అప్పీలు కోర్టు ప్రచురణకర్తకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. అయినా తేడా గుర్తుంచుకోవాలి. సినిమా 'గురించి' అడగడం వేరు, సినిమా 'లోంచి' తీసి అడగడం వేరు.

పాత సినిమా అయితే భయం లేదనుకోవడమూ పొరపాటే. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 'మాయాబజార్' గడువు 2017తో ముగిసింది. కానీ మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. రచనలకు గడువు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు కాబట్టి ఆ మాటలు, పాటలకు 2031 చివరి దాకా రక్షణ ఉంటుంది. విమర్శ, సమీక్ష కోసం కొద్దిగా ఉదహరించడానికి 52వ సెక్షన్ వీలిస్తుంది. వ్యాఖ్య ఏమీ లేకుండా పాటలు, డైలాగులు పేజీలకు పేజీలు అచ్చేస్తే ఆ వీలు దొరకడం కష్టం.

ఇక ఫొటోలు. నెట్‌లో దొరికింది కదా అని పోస్టరు, స్టిల్ తీసి అట్ట మీద వేయకూడదు. వాటికి వేరే హక్కుదారులు ఉంటారు. పైగా తారలు ఇప్పుడు తమ పేరు, రూపం వాడకంపై కోర్టులకు వెళుతున్నారు. నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి రక్షణ పొందారు. అయితే బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయాలు రాయడానికి అనుమతి అక్కర్లేదని 1994 నాటి రాజగోపాల్ తీర్పు మనకు అండ.

అట్ట మీద 'అనధికారికం' అని వేస్తే సరిపోతుందా? అది నిర్మాత వేసిన పుస్తకమే అనుకుని కొనేవారిని కాపాడుతుంది. కాపీ చేసినవారిని మాత్రం కాపాడదు. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు తగ్గించవచ్చు. కానీ చేతి డబ్బుతో వెయ్యి కాపీలు వేసుకునేవారికి ఒక్క లాయర్ నోటీసు వచ్చినా చాలు, పుస్తకం అటకెక్కుతుంది.

వేరే ఊళ్లో నేసిన దుప్పటిని 'సోలాపురి చద్దర్' అని అమ్మితే మన కడుపు మండుతుంది. పాట రాసినవారి కష్టమూ అలాంటిదే. కాబట్టి విశేషాలు సొంత మాటల్లో రాయండి, ఎక్కడ తెలిసిందో నోటు పెట్టుకోండి, బొమ్మలు మన పిల్లల చేతనే గీయించండి. పాట కావాలంటే హక్కుదారుకు ఉత్తరం రాసి, జవాబు రాతలో వచ్చాకే అచ్చుకు ఇవ్వండి. మన పిల్లల చేతికి తెలుగు పుస్తకం రావాలి, వచ్చాక ఎవరూ వెనక్కి లాక్కోలేనిదై ఉండాలి.