స్మాల్ అంటే చిన్నతనం కాదు

హోమ్ థియేటర్ ఉన్న ఇంట్లో సినిమా నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కవారిని అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఏమన్నాడు?" పిడుగు వినబడుతుంది. గుర్రాల డెక్కల చప్పుడు వినబడుతుంది. నేపథ్య సంగీతం వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. మాట మాత్రం వినబడదు. ఈ నేరానికి ముగ్గురిని బోనెక్కించడం మన అలవాటు. ఈ కాలపు నటులకు ఉచ్చారణ లేదంటారు. ధ్వనిమిశ్రణం చేసేవారికి భాష మీద గౌరవం లేదంటారు. అదీ కాకపోతే వినేవాడికి వయసు మీదపడి చెవులు మందగించాయంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పిల్లలచేత ఒత్తులు పలికించినవాణ్ణి గనుక మొదటి ఆరోపణను నేను కొట్టివేయలేను. తక్కిన రెండిటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. అయితే చాలా ఇళ్ళలో అసలు దోషి వేరే ఉన్నాడు. రిసీవర్ మెనూలో, "స్పీకర్ సైజు" అన్న పంక్తికి ఎదురుగా, "లార్జ్" అనే మాటగా దర్జాగా కూర్చుని ఉంటాడు.

నా వాదం ముందే చెప్పేస్తాను. విభేదించదలచినవారికి సౌకర్యంగా ఉంటుంది. సబ్‌వూఫర్ ఉన్న ఇంట్లో, కొద్దిపాటి మినహాయింపులు వదిలితే, స్పీకర్లు ఎంత పెద్దవైనా వాటిని "స్మాల్" అనే పెట్టాలి. క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టాలి. సబ్‌వూఫర్ మోతను దుకాణంలో వినిపించిన స్థాయి నుంచి దింపాలి.

క్రాసోవర్ అంటే ఏమిటో ఒక ముక్క. వచ్చే శబ్దంలో అడుగు భాగం, అనగా మంద్రధ్వని, సబ్‌వూఫర్‌కు పోవాలి. పై భాగం తక్కిన స్పీకర్లకు పోవాలి. ఎక్కడ విడదీయాలో చెప్పే అంకె క్రాసోవర్. దీన్ని నేను "పొలిమేర" అంటున్నాను. ఇంతకంటె మంచి తెలుగు మాట ఎవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను.

ఇక ఆ "లార్జ్", "స్మాల్" అనే మాటలు పెట్టిన మహానుభావుడెవరో గాని, భాష విషయంలో పెద్ద అపచారమే చేశాడు. ఆ మెనూలో లార్జ్ అంటే పెట్టె పెద్దదని అర్థం కాదు; "అడుగు మంద్రం దాకా అంతా ఈ స్పీకరే మోయాలి, పొలిమేర లేదు" అని అర్థం. స్మాల్ అంటే పెట్టె చిన్నదని కాదు; "పొలిమేరకు కిందిది సబ్‌వూఫర్‌కు వదిలేయి" అని అర్థం. అభిధలో ఒకటి, ఉద్దేశం మరొకటి, వ్యంగ్యంగా ధ్వనించేది అవమానం. అలంకారశాస్త్రం చదివిన నాబోటివాడికి ఇది వినోదమే గాని, నాలుగడుగుల టవర్ స్పీకర్లు కొన్నవాడికి ఇది చిన్నతనం. మా మేనల్లుడు కొత్త ఇల్లు కట్టుకుని హాల్లో ఇదంతా బిగించుకున్నాడు. బిగించిన కుర్రవాడు అన్నిటినీ లార్జ్ అని, సబ్‌వూఫర్‌ను దాదాపు చివరిదాకా తిప్పి, వెళ్ళిపోయాడు. "స్మాల్ అని మార్చు నాయనా" అంటే మావాడు, "ఇంత డబ్బు పోసి కొన్నది స్మాల్ అనిపించుకోవడానికా మామయ్యా?" అన్నాడు. వాడు ఇంజనీరు. శబ్దశాస్త్రం తెలియక అన్నమాట కాదది. శబ్దార్థం వాణ్ణి దెబ్బతీసింది.

ఇప్పుడు శాస్త్రం సంగతి. ఒక స్పీకర్ 80 హెర్ట్జ్ దగ్గర ఎంత గట్టిగా మోగుతుందో 40 దగ్గర కూడా అంతే మోగాలంటే, దాని కోను నాలుగింతలు ముందుకూ వెనక్కూ కదలాలి. ఆ మోత మోస్తూ ఊగిపోతున్న కోనే మగగొంతును కూడా పలకాలి. నెత్తిన గడ్డిమోపు పెట్టుకున్నవాణ్ణి పద్యం పాడమన్నట్టు. ఆ మోపు దింపి సబ్‌వూఫర్ మీద పెడితే స్పీకర్‌కూ ఊపిరాడుతుంది, రిసీవర్ మీదా భారం తగ్గుతుంది.

ఇంతకంటె బలమైన కారణం గదిలో ఉన్నది. మన హాలు మామూలుగా ఎంత? 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. సిమెంటు గోడలు, రాతి గచ్చు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణం చేస్తుంది. ఆ లెక్కన గది పొడవులో మొదటి ప్రతిధ్వని 40 హెర్ట్జ్ దగ్గర, వెడల్పులో 47 దగ్గర, ఎత్తులో 56 దగ్గర కుదురుతుంది. అంటే ఆ మూడు స్వరాలు వచ్చినప్పుడల్లా గది తానే ఒక కుండలా మోగుతుంది. మూడూ 80కి కిందనే ఉన్నాయని గమనించండి. గోడ పక్కన కూర్చున్నవాడికి అది పిడుగు. గది మధ్య కూర్చున్నవాడికి కొన్ని చోట్ల అసలు వినబడదు. దీనికి మందు స్పీకర్లను జరపడమే. అయితే ముందు స్పీకర్లను ఎక్కడికి జరుపుతారు? అవి టీవీకి ఇటూ అటూ ఉండితీరాలి. సబ్‌వూఫర్‌కు ఆ నిర్బంధం లేదు. 80 హెర్ట్జ్‌కు కింది శబ్దం ఏ దిక్కునుంచి వస్తున్నదో మన చెవి దాదాపు పసిగట్టలేదు. కనుక కష్టపెట్టే స్వరాలన్నిటినీ, ఎక్కడ పెట్టినా చెల్లే ఒక పెట్టెకు అప్పగించడం తెలివైన పని. 1983లో లూకస్‌ఫిల్మ్‌లో పుట్టిన టీహెచ్‌ఎక్స్ ప్రమాణంవారు ఇళ్ళకు ఇదే 80ని నిర్ణయించారు.

ఆ పెట్టెకు చోటు వెతకడానికి ఒక పాత ఉపాయమున్నది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, మంద్రం నిండిన పాటొకటి వేసి, మీరు గోడల వెంట నేలమీద పాకాలి. ఎక్కడ మంద్రం ఉబ్బరం లేకుండా సమంగా వినబడితే అక్కడే దాని స్థానం. అరవై దాటినవారు ఈ పని మనుమలకు అప్పగించవచ్చు, వారు ఎలాగూ పాకుతుంటారు. రెండు సబ్‌వూఫర్లు కొనగలవారికి ఇంకా మేలు. హార్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో చూపించినట్టు, ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో చెరొకటి పెడితే అన్ని కుర్చీలకూ మంద్రం ఇంచుమించు ఒకేలా అందుతుంది. మోత పెరగడానికి కాదు ఆ రెండోది.

ఇప్పుడు మాట దగ్గరికి వస్తాను. కాలు, చాలు, తాలు, పాలు. ఈ నాలుగు మాటలకూ తేడా మొదటి హల్లులోనే ఉన్నది. ఆ హల్లు సెకనులో ఏ పదోవంతో బతికే చిన్న పేలుడు. పైస్థాయి ధ్వనులలో ఉంటుంది, బలహీనమైనది. వయసు వచ్చేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పైస్థాయినే. అచ్చు మిగులుతుంది, హల్లు జారిపోతుంది. దానికి తోడు, గట్టిగా మోగే కిందిస్థాయి ధ్వని తనకు పైనున్న మెత్తని ధ్వనిని కప్పివేస్తుంది. పైది కిందిదాన్ని అంతగా కప్పలేదు. గది కుండలా మోగితే ఆ మోత ఒక అక్షరం దగ్గర ఆగక తరువాతి అక్షరం మీదికి పారుతుంది. అప్పుడు ఇంటివారేం చేస్తారు? మోత భరించలేక మొత్తం శబ్దం తగ్గిస్తారు. మోత సగమయ్యేలోగా మాట పూర్తిగా మాయమవుతుంది. పెద్దవారిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతామంటారు. తీసుకుపోండి, మంచిదే. ఆ వెళ్ళేముందు రిమోటు తీసి ఒక్క పంక్తి చూడండి.

80 అన్న అంకె మన సంగీతానికి కూడా ఎంత చక్కగా కుదిరిందో చూడండి. మగగొంతు ఒకటి శ్రుతిలో పాడుతున్నదనుకుంటే మధ్యషడ్జం సుమారు 131 హెర్ట్జ్. మంద్రపంచమం 98. మంద్రషడ్జం 65. మామూలుగా గాయకుడు దిగేది మంద్రపంచమం దాకానే. పొలిమేర 80 దగ్గర ఉంటే గొంతు మొత్తం గొంతు పలికే స్పీకర్లలోనే ఉంటుంది. అదే 150 దగ్గర పెట్టారనుకోండి, మధ్యషడ్జం నుంచి కిందిదంతా మూలనున్న సబ్‌వూఫర్‌లోకి జారుతుంది. గాయకుడి తల టీవీ దగ్గర, బొడ్డు కిటికీ దగ్గర. మాట్లాడే మగగొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 దాకా ఉంటుంది గనుక సంభాషణలకూ ఇదే గతి.

అయితే అరచేతంత స్పీకర్లు అయిదు, ఒక సబ్‌వూఫర్ కలిపి అమ్మే చిన్న సెట్లవారికి 80 పనికిరాదు. ఆ బుల్లి స్పీకర్లు 120, 150 కంటె కిందికి దిగలేవు. వాటిని 80కి పెడితే 80కీ 150కీ మధ్య ఎవరూ పలకని గొయ్యి ఏర్పడుతుంది. వారు 150 పెట్టి, సబ్‌వూఫర్‌ను టీవీ పక్కనే ఉంచాలి, మూలకు తోయకూడదు. సూత్రం ఒకటే: స్పీకర్ నిజంగా దిగగలిగిన స్థాయికి కాస్త పైన పొలిమేర ఉండాలి. 60 దాకా దిగుతుందని కాగితం మీద ఉంటే 80. 80 అని ఉంటే 100. కాగితాలు కొంచెం గొప్పలు చెబుతాయి, ఆ మాటా గుర్తుంచుకోవాలి. ముందువాటికి ఒకటి, సరౌండ్‌కు ఒకటి విడివిడిగా పెట్టే వీలు చాలా రిసీవర్లలో ఉన్నది.

పొలిమేర అంటే గోడ అనుకుంటున్నారు, అదీ చిక్కే. అది కోత కాదు, సంధి. ఒకటి తగ్గుతూ ఉండగా రెండోది హెచ్చుతుంది. రెండూ కలిసి ఒకే ధ్వనిగా వినబడాలి. ఇక్కడ రెండు దోషాలు తరచు కనబడుతున్నాయి. మెనూలో "ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్" అనో "డబుల్ బాస్" అనో ఒకటుంటుంది. మంద్రాన్ని అటు స్పీకర్లకూ ఇటు సబ్‌వూఫర్‌కూ రెండుసార్లు పంపుతుంది. ఇది పునరుక్తి. పరీక్షలో ఇలా రాసినవాడికి నేను మార్కులు తగ్గించేవాణ్ణి. దుకాణంలో దీన్ని అదనపు సౌకర్యమని అమ్ముతున్నారు. రెండోది, సబ్‌వూఫర్ వెనుక ఉన్న క్రాసోవర్ మరను కూడా మధ్యలో పెట్టడం. రిసీవర్ ఒకసారి వడగట్టినదాన్ని అది మళ్ళీ వడగడుతుంది, సంధిచోట కొంత శబ్దం లోపిస్తుంది. ఇది న్యూనత. ఆ మరను చివరిదాకా తిప్పేయాలి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్న రంధ్రంలో తీగ గుచ్చాలి. ఎల్‌ఎఫ్‌ఈ అనేది సినిమావారు పేలుళ్ళకోసం ప్రత్యేకంగా పంపే పట్టీ, 120 దాకా ఉంటుంది; మెనూలో దాని అంకెను 120 దగ్గరే వదిలేయండి. దాన్నీ ఈ పొలిమేరనూ ఒకటిగా భావించి రెండూ 80కి దించేవారున్నారు. రెండూ వేరు.

శుద్ధ సంగీతవాదులు కొందరున్నారు. సబ్‌వూఫర్ అంటేనే వారికి మైల. "స్టీరియోలో పొలిమేరా? శివశివా" అంటారు. 30 హెర్ట్జ్ దాకా హాయిగా దిగే స్పీకర్లు, విశాలమైన గది, వాటిని గోడలకు దూరంగా నిలిపే తీరిక ఉన్నవారు 60 పెట్టుకోండి, 40 పెట్టుకోండి, నాకు పేచీ లేదు. నేను పైన చెప్పిన మినహాయింపు మీరే. అయితే 12 అడుగుల గదిలో, బీరువాకు ఆనించిన అయిదంగుళాల స్పీకర్‌తో శుద్ధత గురించి ఉపన్యసించడం నాకు మింగుడుపడదు. ఆ గదిలో శుద్ధి చేసేది పొలిమేరే.

మరికొందరు, "మైకు పెట్టి అదే కొలిచింది, యంత్రం చెప్పింది లార్జ్ అని" అంటారు. గోడలు మంద్రాన్ని పెంచి వినిపిస్తే మైకు దాన్ని స్పీకర్ ఘనతగా లెక్కవేసుకుంటుంది. దూరాలూ హెచ్చుతగ్గులూ యంత్రం బాగానే కొలుస్తుంది, వాటిని ఉంచుకోండి. సైజు పంక్తిని మాత్రం మీరే దిద్దండి. సబ్‌వూఫర్ స్థాయిని యంత్రం పెట్టినదానికంటె రెండు మూడు డెసిబెళ్ళు పెంచుకుంటే రుచి అనుకుందాం. పది పెంచితే అది రుచి కాదు, పూనకం.

మీ ఇంట్లో సరిగా ఉన్నదో లేదో తేల్చుకోవడానికి "మాయాబజార్" పెట్టండి. 1957లో అది ఒకే ఛానెల్ ధ్వనితో వచ్చింది. 2010లో రంగులద్ది బహుళ ఛానెళ్ళలోకి మార్చినది కాక, ఆ నలుపుతెలుపు మూలాన్నే పెట్టండి. ఆనాటి సౌండ్ ట్రాక్‌లో అడుగు మంద్రం బహు తక్కువ. రంగారావుగారు మాట్లాడుతుండగా సబ్‌వూఫర్ మీద చెయ్యి వేసి చూడండి. అది దాదాపు నిద్రపోతూ ఉండాలి. ఆయనతోపాటు అదీ గొణుగుతుంటే మీ పొలిమేర మితిమీరి పైన ఉన్నది, లేదా స్థాయి ఎక్కువగా ఉన్నది. మా మేనల్లుడి ఇంట్లో ఈ పరీక్షే చేసి మూడు పంక్తులు మార్చాము. ఆ రాత్రి మా అక్కయ్య సినిమా అంతా చూసి, ఎవరినీ ఏమీ అడగలేదు.

లార్జ్ పక్షంవారు దయచేసి వాదానికి రండి. వచ్చేటప్పుడు మీ గది కొలతలు, స్పీకర్ ఎన్ని హెర్ట్జ్ దాకా దిగుతుందో ఆ అంకె, సబ్‌వూఫర్ ఏ మూల ఉన్నదో కూడా రాయండి. అవి లేకుండా "మా ఇంట్లో బ్రహ్మాండంగా ఉంది" అని రాసినవారికి జవాబివ్వను.